పొగలో పన్నెండు

గోడ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. దాని కింద ఎనిమిది మంది చచ్చిపడి ఉన్నారు.

ఒంటి మీద గాయం లేదు. కాఫీ కప్పులు ఒలకలేదు. ఒకాయన పెన్ను మూత తీసి, ఏదో రాయబోయి, కాగితం మీద తల ఆన్చి కునుకు తీసినట్టు పోయాడు. పొరుగు రేవుపట్నంలో, ముప్ఫై అంతస్తుల కొత్త స్మార్ట్ బిల్డింగ్‌లో, పట్టపగలు రెండున్నరకి జరిగిన ఘోరం ఇది. ఆ ఎనిమిది మందీ సముద్రం మీద సాగే ఆయుధాల దొంగరవాణా గుట్టు విప్పుతున్న అధికారులు. గోడ మీది సెన్సర్ మాత్రం రెండు గంటలసేపూ ఒక్కటే చెప్పింది, గాలి బాగుందని.

“ఈ కాగితం చూడు. ఏం కనిపిస్తోంది?” అంది మేడమ్ రోజియా.

సింగపూర్‌లో, గేలాంగ్ వీధిలో ‘సెజుక్ ఏసీ సర్వీసింగ్’ అనే బోర్డు వెనక ఉన్న గది అది. బోర్డు అబద్ధం. గది గూఢచారి డిపార్ట్‌మెంటుది, అందులో పెద్దదిక్కు మేడమ్ రోజియా. ఆమె ఎదురుగా కూర్చున్నవాడు యో హాక్ సెంగ్. వయసు నలభై ఒకటి, ఏజెంట్ నంబర్ నలభై నాలుగు. చైనా భాషలో ‘చావు’లా పలుకుతుందని ఈ ఊళ్లో నాలుగు అంకె ఎవరికీ గిట్టదు. అందరూ వద్దంటే ఇతనికి అంటగట్టారు.

“గదిలో కార్బన్ డయాక్సైడ్ ఆరువందల పన్నెండు. రెండు గంటలూ అదే అంకె,” అన్నాడు హాక్ సెంగ్.

“మూసిన గదిలో ఎనిమిది మంది ఊపిరి వదులుతుంటే ఆ అంకె పెరగాలా, అక్కర్లేదా?”

“పెరగాలి మేడమ్. అంటే ఆ అంకె ఆ గదిది కాదు.”

“కాదు. పాత అంకెలు రికార్డు చేసి ఉంచుకుని బిల్డింగ్‌కి అవే వినిపించారు. బిల్డింగ్ నమ్మింది. గదిలో జనం లేరనుకుని బయటి గాలి తలుపు మూసేసింది. ఆపైన పైకప్పులోంచి, కంప్యూటర్ గదుల్లో మంటలార్పడానికి పెట్టుకునే వాయువు వదిలారు. రంగు లేదు, వాసన లేదు. కొంగల పనే.”

కొంగలంటే ఆ విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంటు పెట్టుకున్న పేరు. కదలకుండా నిలబడి, అదను చూసి పొడిచే రకం.

“రేపు మూడింటికి కెమునింగ్ టవర్ ఇరవయ్యేడో అంతస్తులో మూడు దేశాల వాళ్లు కూర్చుంటున్నారు. కొంగల్ని కలిసి పట్టుకోవడానికి ఒప్పందం. చోటు మార్చమని మొత్తుకున్నాను. పైవాళ్లు వింటేగా! ఊరు మొత్తానికి అదే సేఫ్ బిల్డింగట. పదకొండు మంది అధికారులు, ఒక దుబాసీ.”

“దుబాసీ ఎవరు?”

మేడమ్ ఫైలు మూసేసింది. “అడుగుతావని తెలుసు. సియూ లాన్.”

సియూ లాన్ అతని భార్య. పెళ్లై తొమ్మిదేళ్లు. ఆమెకి తెలిసినంతలో హాక్ సెంగ్ ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. అదీ అంత పనిమంతుడేం కాదు. ఇంట్లో పడగ్గది ఏసీ మూడు నెలల్నుంచి కారుతోంది.

“మేడమ్, వేరే దుబాసీని పెట్టండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఒక్క రోజులోనా? మూడు భాషలూ వచ్చి, మూడు దేశాలూ సరేనన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెని తప్పిస్తే మనకి ఉప్పందిందని కొంగలకి తెలిసిపోతుంది. నువ్వు వెళ్లు. లోపల మన మనిషి ఉంది, డెల్ఫిన్ క్వా. కోడ్ గుర్తుందా?”

“నీళ్లు ఎటు కారుతున్నాయి అని నేను. ఎడమ పక్క మాత్రమే అని ఆమె.”

మేడమ్ ఒక ఆస్తమా పంపు అతని ముందుకి తోసింది. “ఇది మందు పంపు కాదు. గాలి చెడితే వణుకుతుంది. నీ జేబులో ఎలాగూ ఒకటి ఉంటుంది కాబట్టి ఎవడికీ అనుమానం రాదు.”

ఉంటుంది మరి. హాక్ సెంగ్‌కి తొమ్మిదేళ్లప్పుడు అడవులు తగలబడి ఆ పొగ వారాల తరబడి ఊరిని కమ్మింది. ఒక మధ్యాహ్నం అతనికి ఊపిరి ఆగిపోయి పెదాలు నీలంగా మారితే, అమ్మ ఎత్తుకుని ఎనిమిది అంతస్తుల మెట్లు దిగింది. అప్పట్నుంచీ అతనికి తుపాకీ అంటే అంత భయం లేదు. గాలి అంటే భయం. ఆ రాత్రి భార్య పక్కన పడుకుని, ఏసీ నీళ్లు బకెట్‌లో పడే చప్పుడు వింటూ, ఆమె ఊపిరి లెక్కపెడుతూ ఉండిపోయాడు.

* * *

మర్నాడు పదకొండింటికి నీలం యూనిఫాం, భుజాన పనిముట్ల సంచీ, టోపీ. కెమునింగ్ టవర్ కంట్రోల్ రూమ్ తలుపు తెరిచిన మనిషిని చూసి అతను టోపీ సర్దుకున్నాడు. తెల్ల సూటు, వేలికి పచ్చరాయి ఉంగరం, ఎత్తు చెప్పులు. డెల్ఫిన్ క్వా నడుస్తుంటే కుర్చీల్లో ఉన్న ఇంజినీర్లు స్క్రీన్లు మర్చిపోయేవారట. అందుకేనేమో అందర్నీ భోజనానికి పంపేసి ఒక్కతే ఉంది.

“నీళ్లు ఎటు కారుతున్నాయి?”

“ఎడమ పక్క మాత్రమే. రండి మిస్టర్ యో. మిమ్మల్ని చూస్తే ఏసీ బాగుచేసేవాడిలా లేరు, అది పాడైన ఇంటాయనలా ఉన్నారు.”

“మీ ఊహ నిజమే,” అన్నాడు.

ఆమె నవ్వి స్క్రీన్లు చూపించింది. నాలుగువందల ఎనభై సెన్సర్లు. గదిలో జనం చేరితే వాళ్ల ఊపిరికి అంకె పెరుగుతుంది, బిల్డింగ్ తనంతట తానే బయటి గాలి తలుపు తెరుస్తుంది. జనం వెళ్లిపోతే మూసి కరెంటు మిగిలిస్తుంది. వీధిలో పొగ ఎక్కువైతే ముక్కు బిగబట్టినట్టు బయటి గాలి మొత్తం ఆపేస్తుంది. ఎవరూ మీట నొక్కక్కర్లేదు.

“దీనికి ముక్కుంది, బుర్ర ఉంది. కాపలాకి మనిషెందుకు?” అంది డెల్ఫిన్.

“ఆ ముక్కుకి ఎవరైనా అబద్ధం చూపిస్తే?”

“అందుకేగా నేనున్నది! కంగారు పడకండి.”

అతను కంగారు పడ్డాడు. ఇరవయ్యేడో అంతస్తులో ప్రతి మూలా తిరిగాడు. మేడమ్ ఇచ్చిన పంపు వణకలేదు. రెండు నలభై అయిదుకి సియూ లాన్ నుంచి మెసేజ్ వచ్చింది.

‘ఫోన్లు తీసేసుకుంటున్నారు. ఆరింటికి కలుద్దాం. ఒక వింత చెప్పనా, ఈ బిల్డింగ్‌లో మొదటిసారి స్వెట్టర్ విప్పాను. గది వెచ్చగా ఉంది. ఇక్కడ ఏసీ చూసేవాడెవడో మీ కంపెనీవాడే అయ్యుంటాడు.’

హాక్ సెంగ్ ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. ఈ ఊళ్లో ఏ ఆఫీసు కుర్చీ చూసినా వెనక ఒక స్వెట్టర్ వేలాడుతుంది. ఆఫీసు గది వెచ్చగా ఉందని ఎవరైనా అన్నమాట అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. రేడియోలో డెల్ఫిన్‌ని అడిగాడు.

“పెద్దవాళ్లు చలికి ఆగలేరని రెండు డిగ్రీలు పెంచానండీ. అంకె చూడండి, ఆరువందలు, ఏడువందల ఇరవై, ఎనిమిదివందలు. పెరుగుతోంది. ఆ రేవుపట్నంలోలా చచ్చిన అంకె కాదు ఇది, బతికున్నవాళ్లది,” అంది ఆమె.

బతికున్నవాళ్లది. ఆ మాట వినగానే ప్రాణం కాస్త కుదుటపడింది, కానీ పూర్తిగా కాదు. బిల్డింగ్ గాలి పీల్చుకునే పెద్ద జాలీ కింద సరుకుల వాకిట్లో ఉంటుంది. దాన్ని ఇంకోసారి చూద్దామని దిగాడు.

అక్కడ పూజ జరుగుతోంది. చైనా పంచాంగంలో ఏడో నెల, దిక్కులేని ఆత్మలు ఆకలితో ఊరంతా తిరిగే నెల. ఏ బిల్డింగ్‌కి ఆ బిల్డింగ్ వాళ్లు బల్ల వేసి కాల్చిన పంది మాంసం, కమలాపండ్లు, అన్నం పెట్టి, ఇనప డ్రమ్ములో కాగితపు నోట్లు కాలుస్తారు. మణికట్టంత లావు అగరొత్తులు మూరెడెత్తున వెలుగుతున్నాయి. ఒళ్లంతా బూడిదతో, చేతిలో పొడుగాటి ఇనప ఊచతో నిలబడినవాడు టోక్ అంకుల్. ఇరవై మూడేళ్లుగా ఈ టవర్‌కి హెడ్ టెక్నీషియన్. కళ్లు మండే పొగ. హాక్ సెంగ్ దగ్గు ఆపుకోలేక గోడకి చేరగిలబడ్డాడు. తల పక్కనే గోడ మీద గాలి స్క్రీన్ ఉంది. పచ్చ లైటు. పొగ అంకె, పన్నెండు.

ఇంత పొగలో పన్నెండా?

“డెల్ఫిన్, కింద కళ్లు కనిపించట్లేదు, స్క్రీన్ పన్నెండు చూపిస్తోందేంటి?”

రేడియోలో ఆమె తేలిగ్గా నవ్వింది. “ఏటా ఇంతేనండీ. పూజ రోజున ఆ ముసలాయన సెన్సర్‌కి కాఫీ పార్సిల్ కవరు కట్టేస్తాడు. లేకపోతే బిల్డింగ్ బెదిరిపోయి బయటి గాలి ఆపేస్తుంది. పాత రిపోర్టులన్నిటిలో ఉంది.”

హమ్మయ్య అనుకున్నాడు. జేబులో వణుకుతున్న మేడమ్ పంపుని వదిలి, అసలు పంపు తీసి ఒక పీల్పు పీల్చాడు.

“భలే ఉపాయం అంకుల్ మీది! కవరు కడితే సెన్సర్‌కి పొగే తెలీదు.”

“ఏ కవరు? ఎవడు కట్టాడు?” టోక్ అంకుల్ ఊచ నేలకేసి కొట్టాడు. “పోయిన నెల ఒక కుర్రమేనేజరు నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చాడయ్యా! సెన్సర్‌కి కవరు కట్టడం నేరమట. ఇరవై మూడేళ్లు చేశాను, నాకు లెటరు! సరే నాయనా, మీ సెన్సరు, మీ పొగ, మీ చావు మీరు చావండని ఈసారి వదిలేశా. అది ఎర్రగా మారి గోల పెడితే వాడి మొహం చూద్దామని పొద్దుట్నుంచీ కాచుక్కూచున్నా. ఏదీ? చచ్చినా మారట్లేదు.”

హాక్ సెంగ్ తల ఎత్తి చూశాడు. జాలీ పైన సెన్సర్ బోసిగా ఉంది. దాని మీద వేలెడు మందాన బూడిద పేరుకుంది.

ఆ పన్నెండు ఇవాళ్టిది కాదు. ఏదో మామూలు రోజుది. ఇదే అబద్ధమైతే ఇరవయ్యేడో అంతస్తు అంకె కూడా అబద్ధమే. పెరుగుతున్న అంకె, బతికున్నవాళ్ల అంకె, ఏదో పాత మీటింగ్‌ది. గది వెచ్చబడిందీ లోపలికి గాలి ఆపేసినందుకే. కవరు సంగతి చదువుకుని, ఆ ధీమాతోనే డెల్ఫిన్ పాత రోజు అంకెలన్నీ తెచ్చిపెట్టింది. తెల్ల సూటుకి మసి అంటుతుందని ఒక్కసారి కిందికి దిగి చూడలేదు.

రేడియో మూగబోయింది. లిఫ్టులన్నీ ఆగిపోయి ఉన్నాయి.

“మేడమ్, డెల్ఫిన్ కొంగ! మొదలైపోయింది!” ఫోన్‌లో అరిచాడు.

“మనవాళ్లు చేరడానికి పదకొండు నిమిషాలు,” అంది రోజియా. ఆమె గొంతు వణకడం అతను వినడం అదే మొదలు.

“సియూ లాన్‌కి పదకొండు నిమిషాలు లేవు మేడమ్.”

ఫోన్ పెట్టేసి టోక్ అంకుల్ భుజాలు పట్టుకున్నాడు. “అంకుల్, పైన పన్నెండు మంది ఊపిరాడక చచ్చిపోతున్నారు. అందులో నా భార్య ఉంది. కంట్రోల్ రూమ్ దొంగల చేతిలో ఉంది. గాలి ఎలా తెప్పించను? చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది!”

ముసలాయన ఇరవై మూడేళ్ల అనుభవం మాట్లాడింది. “ఫైర్ ప్యానెల్! అది పాతకాలపుది. ఉత్త తీగల మీద నడుస్తుంది, ఏ కంప్యూటర్ మాటా వినదు. ఇరవయ్యేడులో పొగ డిటెక్టర్ మోగితే ఆ అంతస్తు గాలి మొత్తం లాగేసి కొత్త గాలి తోస్తుంది. తలుపుల్ని పట్టి ఉంచే అయస్కాంతాలు వదిలేస్తాయి.”

“అద్దం పగలగొట్టే మీట నొక్కితే?”

“దానికి గంట మోగుతుంది, అంతే. జనం డ్రిల్ అనుకుంటారు. ఫ్యాన్ తిరగాలంటే నిజం పొగ తగలాల్సిందే.”

ఇద్దరి చూపులూ ఒకేసారి అగరొత్తుల వైపు తిరిగాయి.

“వద్దురా బాబూ! ఆత్మలకి పెట్టింది ముట్టుకుంటే వెంటపడతాయి. వంశం నాశనం!” టోక్ అంకుల్ ముఖం పాలిపోయింది.

హాక్ సెంగ్‌కీ అదే భయం. కింద పడ్డ కమలాపండు తీసినందుకే చిన్నప్పుడు అమ్మ చెంప పగలగొట్టింది. అయినా కళ్లు మూసుకుని మూడు అగరొత్తులు పెరికేశాడు. ముసలాయన మెడలోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి, “ఫైర్‌మెన్ లిఫ్టు, వెనక మూల! అది కూడా ఎవడి మాటా వినదు, పరుగెత్తు!” అని, బల్ల వైపు తిరిగి దండం పెట్టాడు. “అయ్యలారా, అమ్మలారా, కోప్పడకండి! మూడుకి ముప్ఫై పెడతాం!”

* * *

ఇనప పెట్టెలాంటి లిఫ్టు. అందులో అతనూ, మూడు మండే అగరొత్తులూ. నాలుగో అంతస్తుకే పొగ నిండిపోయింది. తొమ్మిదో అంతస్తుకి రొమ్ము పట్టేసింది. పంపు తీసి నోట్లో పెట్టుకుని నొక్కాడు. మందు రాలేదు. నోట్లో గిజగిజ వణికింది. మేడమ్ ఇచ్చిన పంపు! ఉమ్మేసి రెండోది వెతుక్కునేసరికి పదహారో అంతస్తు. ఒక పీల్పు. తొమ్మిదేళ్ల వయసునాటి ఆ మధ్యాహ్నం మళ్లీ వచ్చి గుండెల మీద కూర్చుంది. ఈసారి ఎత్తుకుని పరుగెత్తడానికి అమ్మ లేదు. సియూ లాన్‌కీ ఇలాగే ఉందా? లేదు, ఆమెకి ఏమీ తెలియదు. ఉత్త నిద్ర వస్తుంది, అంతే. దానికే అతనికి ఏడుపొచ్చింది.

ఇరవయ్యేడు.

మీటింగ్ గది తలుపు దగ్గర గార్డు లేచి నిలబడ్డాడు. “సార్! సార్! ఇక్కడ పొగ నిషేధం. ఫైన్ పడుతుంది!”

“లోపల మాటలు వినిపిస్తున్నాయా?”

గార్డు తలుపుకి చెవి ఆనించాడు. “ఇందాకటిదాకా… నాలుగైదు నిమిషాల్నుంచి లేవండీ. చదువుకుంటున్నారేమో. గాలి మాత్రం బాగుంది, చూడండి.”

తలుపు పక్కన పచ్చ లైటు. ఎనిమిదివందల నలభై. ప్రశాంతంగా పెరుగుతోంది.

“తలుపు తెరువు!”

గార్డు కార్డు పెట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ పెట్టాడు. భుజంతో గుద్దాడు. మసక అద్దం వెనక ఒక్క నీడా కదల్లేదు. అప్పుడు గార్డు కూడా భయపడ్డాడు.

హాక్ సెంగ్ గార్డు కుర్చీ ఎక్కి అగరొత్తుల్ని పైకప్పు డిటెక్టర్‌కి ఆనించి పట్టుకున్నాడు. నిప్పురవ్వలు ముంజేతి మీద రాలాయి. ఏమీ కాలేదు. చేతులు లాగేస్తున్నాయి, చూపు అంచుల్లో నల్లబడుతోంది. డిటెక్టర్ గుడ్డి కన్నులా అలాగే ఉంది. దీన్ని కూడా మార్చేశారేమో అన్న ఆలోచన రాగానే అతని లోపల ఏదో తెగిపోయింది. “మోగవే! నీకు దండం పెడతాను, మోగు!” అని గొంతు చించుకున్నాడు.

చిన్న ఎర్ర లైటు మిణుకుమంది.

సైరన్ చెవులు బద్దలు కొట్టింది. పైకప్పులో ఎక్కడో పెద్ద ఫ్యాన్ గర్జించింది. తలుపు అయస్కాంతం టక్కున వదిలింది. కారిడార్‌లోకి గాలి విసురుగా కొట్టింది.

లోపల పన్నెండు మంది, పన్నెండు తలలూ బల్ల మీద. సియూ లాన్ చివరి కుర్చీలో ఉంది. కుర్చీ వెనక స్వెట్టర్ మడతపెట్టి ఉంది. ఆమెని చంకల కింద పట్టుకుని కారిడార్‌లోకి ఈడ్చాడు. “లాన్! ఊపిరి తీసుకో! నా మాట ఎప్పుడూ వినవు, ఈ ఒక్కసారి విను తల్లీ!” పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ నీలం అతనికి తెలుసు. నోట్లో నోరు పెట్టి ఊదాడు. తనకే లేని ఊపిరి. మళ్లీ ఊదాడు. గార్డు ఒక్కొక్కరినీ బయటికి లాగుతున్నాడు. ఎవరో దగ్గారు, ఇంకెవరో మూలిగారు.

సియూ లాన్ దగ్గింది. అతను గోడకి జారగిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

* * *

డెల్ఫిన్ క్వా దొరికిన తీరు రిపోర్టులో రాయడానికి మేడమ్ రోజియా చాలా ఇబ్బంది పడింది. సైరన్ మోగగానే డెల్ఫిన్ మెట్ల మీదుగా దిగిపోయింది. గేటు దాటితే కారు సిద్ధంగా ఉంది. కానీ ఈ ఊళ్లో ఫైర్ అలారం మోగితే ప్రతివాడూ ఫుట్‌పాత్ మీద వరసలో నిలబడాలి, పేరు టిక్ పెట్టించుకోవాలి. పసుపు కోటు వేసుకున్న ఎకౌంట్స్ సెక్షన్ ఆంటీ పేర్ల జాబితా ఉన్న అట్ట పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. “మేడమ్, ఏ ఫ్లోరు? పేరు? టిక్ పెట్టందే వదిలేది లేదు. పోయినసారి ఒకావిడ ఇలాగే వెళ్లిపోతే నాకు అక్షింతలు పడ్డాయి!” డెల్ఫిన్ తోసుకుని పోబోతే వరసలో ఉన్న రెండువందల మంది ఒక్క గొంతుతో “లైన్! లైన్!” అని అరిచారు. ఆ గొడవలోనే డిపార్ట్‌మెంటు వ్యాన్ వచ్చి ఆగింది.

పన్నెండు మందీ బతికారు. ఒప్పందం ఆసుపత్రి వార్డులోనే సంతకమైంది. టోక్ అంకుల్ ముప్ఫై అగరొత్తులు కొనితెచ్చి, కుర్రమేనేజరు చేతే ముట్టించి, దండం పెట్టించాడు.

సియూ లాన్ ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపి మొగుడిని ఎగాదిగా చూసింది. కాలిన చేతులు, మసి ముఖం, ఎర్రబడ్డ కళ్లు.

“నువ్వక్కడేం చేస్తున్నావు?”

“ఏసీ చూడమని పిలిచారు.”

“బాగుచేశావా?”

“చేశాను.”

“మరి మనింటిది?”

“అదీ చేస్తాను. నీళ్లు ఎటు కారుతున్నాయి?”

“ఎడమ పక్క మాత్రమే,” అంది సియూ లాన్. అతను బిగుసుకుపోవడం చూసి నీరసంగా నవ్వింది. “మూడు నెలల్నుంచి నిద్రలో ఇదే కలవరిస్తున్నావు. పాపం, ఏసీ గురించి బెంగపెట్టుకున్నాడు, ఇవాళో రేపో చేస్తాడని ఊరుకున్నాను.”

ఆమె అతని కాలిన చేతిని మెల్లిగా దగ్గరికి తీసుకుని, ఇంకో చేత్తో మాస్క్ మళ్లీ పెట్టుకోబోతూ ఆగింది.

“నీ ఉద్యోగం ఏదైనా కానీ, నేను అడగను. రేపు సెలవు పెట్టు. నిచ్చెన స్టోర్‌రూంలో ఉంది.”